మానవ భూగోళశాస్త్రంలో నాలుగేళ్ల ఆనర్స్: ఒక సమీక్ష

మన రెండు రాష్ట్రాల ఇంటర్ కాలేజీల్లో భూగోళశాస్త్రం ఉన్న గ్రూపు దొరకడమే అరుదు. పదో తరగతి సాంఘికశాస్త్రం పుస్తకంతో పాటే ఆ సబ్జెక్టును అటకెక్కించి ఎంపీసీకో బైపీసీకో వెళ్లిపోయే పిల్లలకు, డిగ్రీలో దాన్నే ప్రధానాంశంగా తీసుకుని నాలుగేళ్లు చదవవచ్చన్న సంగతి చెప్పేవారు ఉండరు. తెలిసిన కొద్దిమందికీ అది సివిల్స్ ఆప్షనల్‌గానే తెలుసు. నేను ఉత్తరాదిలోని ఒక విశ్వవిద్యాలయంలో భూగోళశాస్త్రం ఆనర్స్‌లో చేరి, వీలున్న ప్రతి చోటా మానవ భూగోళం (మనుషులు ఎక్కడ, ఎలా జీవిస్తారో చూసే శాఖ) పేపర్లనే ఎంచుకుని, పరిశోధనతో కూడిన నాలుగో సంవత్సరం కూడా పూర్తి చేశాను. ఆ విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ చెప్పడం లేదు. నేను ఎత్తిచూపబోయే లోపాలు ఇతర చోట్ల చదివిన మిత్రుల నోటా విన్నవే గనుక పేరు చెప్పడం వల్ల కొత్తగా ఒరిగేదీ లేదు. నా అభిప్రాయం మాత్రం ముందే చెబుతాను. మొదటి మూడేళ్లు ఈ కోర్సు సాదాసీదాగా సాగుతుంది, కొన్ని సెమిస్టర్లలో విసుగు కూడా పుట్టిస్తుంది. దాని అసలు విలువ క్షేత్ర పర్యటనల్లోనూ నాలుగో ఏడాది పరిశోధనలోనూ ఉంది. మూడేళ్లకే పట్టా పుచ్చుకుని వెళ్లిపోవడం, నా దృష్టిలో, డబ్బు కట్టి సరుకు కొట్లోనే వదిలేసి రావడం లాంటిది.

గతంలో చాలా విశ్వవిద్యాలయాలు మూడేళ్ల పట్టాకే ఆనర్స్ అని పేరు పెట్టేవి. 2022 డిసెంబరులో యూజీసీ ప్రకటించిన చట్రం ప్రకారం 120 క్రెడిట్లతో మూడేళ్లు ముగిస్తే మామూలు డిగ్రీ, 160 క్రెడిట్లతో నాలుగేళ్లు ముగిస్తేనే ఆనర్స్. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆ పైన మార్కులు తెచ్చుకున్నవారు నాలుగో ఏడాది పరిశోధన మార్గాన్ని ఎంచుకోవచ్చు. అందులో 12 క్రెడిట్లు డిసర్టేషన్‌కే, అంటే సొంత పరిశోధన వ్యాసానికే, పోతాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ప్రవేశం ఇప్పుడు సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశపరీక్ష ద్వారా. ఒక్క సంగతి ముందే తెలుసుకుని చేరడం మంచిది: మన దేశంలో సాధారణంగా పట్టా భూగోళశాస్త్రం పేరు మీదే ఉంటుంది గనుక భూస్వరూపాలు, వాతావరణం వంటి భౌతిక భూగోళం పేపర్లను మొదటి సెమిస్టర్లలో ఎవరూ తప్పించుకోలేరు. జనాభా, ఆవాసాలు, ఆర్థిక, సామాజిక, రాజకీయ, పట్టణ భూగోళాలు ఆ తరువాతే వస్తాయి.

మానవ భూగోళంలో విద్యార్థికి మొట్టమొదట ఎదురయ్యేవి నమూనాలు (మోడల్స్), అంటే సాగు, పరిశ్రమ, పట్టణం ఎక్కడ ఎందుకు వస్తాయో బొమ్మగా చూపే సిద్ధాంతాలు. జర్మనీలోని మెక్లెన్‌బర్గ్ ప్రాంతంలో సొంత ఎస్టేటు లెక్కలు పెట్టుకుని, ఒక నగరం చుట్టూ ఏ సాగు ఎంత దూరంలో లాభసాటి అవుతుందో 1826లో వాన్ థ్యూనెన్ వలయాలుగా గీసి చూపాడు: నగరాన్ని ఆనుకుని పాడి, కూరగాయలు, ఆ వెనుక వంటచెరకు కోసం అడవి, ఆపైన ధాన్యం, చివరన పశువుల మేత భూములు. పరిశ్రమ ఎక్కడ నెలకొంటుందో 1909లో వెబర్ చెప్పాడు, నగరం లోపలి నుంచి బయటికి ఎలా పెరుగుతుందో షికాగోను చూసి 1925లో బర్జెస్ చెప్పాడు, పట్టణాలు చిన్నా పెద్దా వరుసల్లో ఎందుకు అమరుతాయో దక్షిణ జర్మనీని చూసి 1933లో క్రిస్టాలర్ చెప్పాడు. పరీక్షలో బొమ్మ గీసి, రచయిత ముందుగా అనుకున్న షరతులు వరుసగా రాసి, చివర నాలుగైదు విమర్శలు చేర్చితే మార్కులు పడతాయి. మాకు బోధన కూడా ఆ మార్కుల దగ్గరే ఆగిపోయింది. ఈ నమూనాలు పాతబడ్డాయన్నది నా ఫిర్యాదు కాదు. వాటిని మన నేల మీద పెట్టి పరీక్షించే పని తరగతిలో ఎవరూ చేయించలేదన్నదే ఫిర్యాదు.

అలా పెట్టి చూస్తే అవి ఎంత బాగా పనిచేస్తాయో, ఎక్కడ విరుగుతాయో రెండూ తెలుస్తాయి. హైదరాబాదుకు పడమర చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాద్ వైపు పొలాల్లో కూరగాయలు, పూలు పండి నగరానికి చేరుతుంటాయి; 1999లో రైతుబజార్లు మొదలయ్యాక రైతు తెల్లవారుజామున గంపలు బస్సుకెక్కించి తన సరుకు తానే అమ్ముకునే వీలు కలిగింది. ఇది థ్యూనెన్ మొదటి వలయమే. వంటగదుల్లోకి గ్యాస్ బండ వచ్చాక ఆయన రెండో వలయానికి ఇక్కడ పని లేకుండా పోయింది. ఇంకొంచెం నిదానించి చూస్తే లెక్క మొత్తం తలకిందులవుతుంది. ఆ ఊళ్లలో ఎకరం ధరను తేల్చేది టమాటా దిగుబడి కాదు, ఔటర్ రింగు రోడ్డు ఎంత దగ్గరన్నదీ, పక్క పొలంలో వెంచర్ హద్దురాళ్లు పడ్డాయా లేదా అన్నదీ. నగరానికి అతి దగ్గరగా ఉన్న భూమిలో అతి విలువైన పంట ఉండాలన్న సూత్రం, అదే భూమి అమ్మకం కోసం పడావుగా ఎదురుచూస్తున్న చోట నిలబడదు. ఒక్కో పట్టణం సేవలందించే ప్రాంతాన్ని చూపే క్రిస్టాలర్ షడ్భుజాలనూ మేం తెల్లకాగితం మీద చాలా గీశాం. ఒక సేవ కోసం మనిషి ఎంత దూరం వెళ్లడానికి ఒప్పుకుంటాడన్నది ఆయన ప్రశ్న. 1985లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తాలూకాలను విడగొట్టి మండలాలు ఏర్పరచడం, 2016లో తెలంగాణ పది జిల్లాలు 31 కావడం, 2019 నాటికి 33కు చేరడం, 2022లో ఆంధ్రప్రదేశ్ పదమూడు జిల్లాలు 26 కావడం, వీటన్నింటి వెనుకా పాలకులు చెప్పిన కారణాల్లో ఒకటి ఆ దూరాన్ని తగ్గించడమే. ఏ మండల కేంద్రం పట్టణంగా ఎదిగింది, ఏది కార్యాలయాల వరుసగానే మిగిలిపోయింది, పాత వారపు సంతలున్న ఊళ్లు ఈ మార్పులో ఏమయ్యాయి? వీటిలో ఏ ఒక్కటి తీసుకున్నా ఒక సెమిస్టరు చర్చకు సరిపోతుంది. మాకు అది ఒక్క గంట కూడా జరగలేదు.

భౌగోళిక భావనల చరిత్ర పేపరు గురించి ఎక్కువ చెప్పను. రాట్జెల్, సెంపుల్, వీదల్ ద లా బ్లాష్, హార్ట్‌షోర్న్ అంటూ భూగోళశాస్త్రవేత్తల పేర్లూ సంవత్సరాలూ కంఠస్థం చేయించే పేపరుగా అది చెడ్డపేరు తెచ్చుకుంది, ఆ పేరు న్యాయమైనదే. మంచి అధ్యాపకులు దొరికితే మాత్రం పరిస్థితి మారుతుంది. మాకు ఒక మేడమ్, గణితంతో సిద్ధాంతాలు కట్టే శాస్త్రంగా భూగోళాన్ని సమర్థించిన డేవిడ్ హార్వీ, 1969లో బాల్టిమోర్ చేరి అక్కడి పేదల ఇళ్ల సమస్యను దగ్గరగా చూశాక కొన్నేళ్లలోనే మార్క్సు వైపు ఎందుకు మళ్లాడో రెండు తరగతుల్లో వివరించారు. ఒక నగరం ఒక పండితుడి చేత అతని శాస్త్రాన్నే తిరగరాయించగలదని అప్పుడే తెలిసింది. ఆ పేపరులో నాకు ఇప్పటికీ గుర్తున్నవి ఆ రెండు తరగతులే.

సిలబస్‌లో అత్యుత్తమమైనది సామాజిక భూగోళం. మన పల్లెల్లో ఊరు ఒక చోట, వాడ మరో చోట ఉండటాన్ని పుట్టినప్పటి నుంచీ చూస్తున్న విద్యార్థికి, ఆ దూరం యాదృచ్ఛికం కాదనీ, నీటికీ దారికీ గుడికీ ఎవరెంత దగ్గరగా ఉండాలో కులం నిర్ణయించిందనీ, దాన్ని పటం మీద కొలిచి చూపవచ్చనీ తెలియడం చిన్న విషయం కాదు. నగరంలో రెండు వర్గాలు ఎంత విడివిడిగా నివసిస్తున్నాయో చెప్పే సూచికను వార్డుల వారీగా లెక్కగట్టడం ఈ పేపరులోనే నేర్పారు. లెక్క మొదలుపెట్టగానే దాని హద్దు కూడా తెలిసింది: జనగణనలో వార్డు స్థాయిన ఎస్సీ, ఎస్టీల సంఖ్యలు దొరుకుతాయి గానీ మిగతా కులాల లెక్క లేదు. 2027 మార్చి 1ని ప్రాతిపదిక తేదీగా ప్రకటించిన జనగణనలో కులాన్ని కూడా నమోదు చేయనున్నారు గనుక, ఇకపై చేరే విద్యార్థుల చేతికి మాకు దొరకని సమాచారం అందవచ్చు. అది, ఏ స్థాయి వరకు ఆ లెక్కలను బయటపెడతారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

ఇక ప్రాక్టికల్స్. కోర్సులో సగం శ్రమ వీటికే పోతుందని చేరే ముందు ఎవరూ చెప్పరు. మొదటి ఏడాదంతా డ్రాయింగ్ షీట్లు, ట్రేసింగ్ పేపరు, స్కేలు, సన్నమొన పెన్నులు. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 టోపోషీటు (నేల ఎత్తుపల్లాలు, ఊళ్లు, చెరువులు చూపే వివరమైన పటం) చదవడం దగ్గర మాత్రం నా ఆసక్తి నిలిచింది. పసుపు రంగు సాగుభూమి, సమాన ఎత్తును చూపే గోధుమ రంగు కాంటూరు గీతల మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు, నీలం రంగులో చెరువు, దాని అంచున కట్ట గీత, కట్టకు ఒక పక్కగా ఎర్రటి చుక్కలు గుత్తిగా కుదిరిన ఊరు. అదే షీటులో కొంచెం ఎడంగా మరో చిన్న ఎర్ర గుంపు కనిపిస్తుంది. అది ఎవరి ఇళ్ల గుంపో షీటు చెప్పదు, తెలంగాణ పల్లె తెలిసినవారికి చెప్పనక్కరలేదు. ఈ షీట్లను పీడీఎఫ్ రూపంలో ఉచితంగా దించుకునే సౌకర్యాన్ని సర్వే ఆఫ్ ఇండియా 2017లో మొదలుపెట్టింది కాబట్టి, లైబ్రరీలో చిరిగిన కాపీ కోసం వరుసలో నిలబడే అవసరం ఇప్పుడు లేదు.

జీఐఎస్ (కంప్యూటర్‌లో సమాచారాన్ని పటాలకు జతచేసే పద్ధతి) ప్రయోగశాల మీద నాకు మిశ్రమ అభిప్రాయం ఉంది. క్యూజీఐఎస్ ఉచిత సాఫ్ట్‌వేరు గనుక ఇంట్లో కూడా సాధన చేసుకోవచ్చు, ఇస్రో వారి ఉపగ్రహ పటాల వెబ్‌సైటు భువన్ ఉంది, కొరత సాధనాలది కాదు. మా ల్యాబ్‌లో ముందే శుభ్రం చేసి ఉంచిన సమాచారం ఇచ్చి, చెప్పిన వరుసలో బటన్లు నొక్కించి, వచ్చిన పటాన్ని ప్రింటు తీయించేవారు. అసలు కష్టం సొంత ప్రాంతం పటం గీయబోయినప్పుడు బయటపడుతుంది. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 23 జిల్లాలు. నేటి జిల్లాల హద్దులున్న షేప్‌ఫైలుకు (హద్దుల డిజిటల్ పటానికి) ఆ పట్టికను జతచేస్తే సగానికి పైగా గడులు ఖాళీగా వస్తాయి. గ్రామ స్థాయి లెక్కల నుంచి మొదలుపెట్టి, ఏ గ్రామం ఇప్పుడు ఏ మండలంలో, ఏ జిల్లాలో ఉందో సరిచూసుకుంటూ తిరిగి కూడుకుంటూ రావాలి. ఉద్యోగంలో రోజూ చేయవలసింది ఈ పనే. కోర్సులో దీనికి చోటు లేదు. మరోవైపు, రంగుల పటాన్ని ఎలా అనుమానించాలో ఇదే ల్యాబ్ చక్కగా నేర్పింది. స్త్రీ పురుష నిష్పత్తి పట్టికలో, వెయ్యిమంది పురుషులకు స్త్రీలు ఉమ్మడి రాష్ట్రం సగటున 993 అయితే నిజామాబాద్‌లో 1040. సమాన అంతరాలతో తరగతులు చేస్తే ఆ జిల్లా ఒంటరిగా ముదురు రంగులో కనిపిస్తుంది, ప్రతి తరగతిలోనూ సమాన సంఖ్యలో జిల్లాలు వచ్చేలా విడగొడితే నాలుగైదు జిల్లాల మధ్య కలిసిపోతుంది. అంకెలు మారలేదు, చెప్పే కథ మారింది. గల్ఫ్‌కు వెళ్లిన మగవారి సంగతి గుర్తుకు తెచ్చే ఆ ఒంటరి ముదురు రంగును ఉంచాలా కలపాలా అన్నది పటం గీసేవాడి బాధ్యత.

నాలుగో ఏడాది డిసర్టేషన్‌కు నేను హైదరాబాదులోని ఒక లేబర్ అడ్డాను (రోజుకూలీలు పని కోసం నిలబడే చోటును), అక్కడికి పాలమూరు వైపు నుంచి వచ్చే కూలీలను ఎంచుకున్నాను. వలసల గురించి మాకు చెప్పింది ప్రధానంగా రావెన్‌స్టీన్ సూత్రాలు: 1881 బ్రిటిష్ జనాభా లెక్కలు చూసి 1885లో ఆయన రాసినవి. ఎక్కువమంది దగ్గరి దూరాలకే పోతారని, దగ్గరి వలసల్లో స్త్రీలే ఎక్కువని ఆయన అన్న మాటలు మన 2011 జనగణనకు కూడా సరిపోతాయి. చివరి నివాసం ప్రకారం దేశంలో సుమారు 45 కోట్లమంది వలస వచ్చినవారని ఆ జనగణన లెక్క. అందులో స్త్రీలే అధికం, వారి విషయంలో పెళ్లే పెద్ద కారణం. ఈ చట్రాన్ని నమ్మి, జనగణన నమూనాలోనే పుట్టిన ఊరు, చివరి నివాసం, వలసకు కారణం, ఇక్కడికి వచ్చి ఎంతకాలమైంది అన్న గడులతో ప్రశ్నావళి తయారుచేశాను. మా గైడ్ దాన్ని ఒక్క అక్షరం మార్చకుండా ఆమోదించారు.

తెల్లవారి వెలుగు పూర్తిగా రాకముందే అడ్డా నిండిపోతుంది. పారలు, తట్టలు, తాపీలు పక్కన పెట్టుకుని, సద్ది డబ్బాల సంచులు చేతికి తగిలించుకుని ఆడా మగా ఫుట్‌పాత్ అంచున నిలబడతారు. ఏదైనా బండి ఆగితే పదిమంది చుట్టుముడతారు. ఇద్దరు ఎక్కుతారు, మిగతావారు తిరిగి తమ చోటుకు వస్తారు. ఎండ ముదిరేసరికి ఎవరూ పిలవనివారు మాత్రమే మిగులుతారు, ప్రశ్నావళి నింపడానికి తీరిక ఉన్నది వారికే. నారాయణపేట వైపు నుంచి వచ్చిన ఒకావిడను, ఇక్కడికి వచ్చి ఎంతకాలమైందని అడిగాను. ‘ఊళ్లె పనుంటే ఊళ్లనే ఉంటం, లేకుంటే ఈడికొస్తం. వచ్చుడు పోవుడే గద, ఎన్నేండ్లని జెప్పాలె బిడ్డా?’ అన్నది. గడిలో రాయడానికి ఏమీ లేదు. ఆ తరువాత మాట్లాడినవారిలో చాలామంది జవాబూ అదే పద్ధతిలో వచ్చింది: నాట్లకు ఊరికి, కోతలకు ఊరికి, మధ్యలో ఇక్కడ. కొందరు గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ముంబై, పుణె దాకా పోయి వచ్చినవారు. ఒక చోట స్థిరపడ్డాకే మనిషిని వలసదారుగా గుర్తించే లెక్కలో ఇలాంటి రాకపోకలకు చోటు చాలదు. ఈ సంగతి ఎరిగే జాతీయ నమూనా సర్వే వారు 2007-08 నాటి 64వ విడతలో, పని కోసం ఏడాదిలో నెలకు తక్కువ కాకుండా, ఆరు నెలలకు మించకుండా ఊరు విడిచి ఉన్నవారిని వేరుగా లెక్కించారు. మా వలసల పాఠంలో ఆ సర్వే ప్రస్తావనే లేదు. డిసర్టేషన్ కోసం వెతుకుతుంటే తారసపడింది. ప్రశ్నావళిలోని ఆ గడిని తీసేసి, ఏడాది పొడవునా ఏ నెల ఎక్కడ గడిపారో నింపే పన్నెండు గడులు పెట్టాను. చివరికి నా డిసర్టేషన్‌లో పనికొచ్చిన పటం ఆ గడుల నుంచి వచ్చిందే. మూడేళ్ల నోట్సులో దొరకని చదువు అడ్డా మీద దొరికిందనడంలో అతిశయోక్తి లేదు.

అయితే ఈ అనుభవం అందరికీ దక్కుతుందని చెప్పలేను. మూడో ఏడాది క్షేత్ర పర్యటన మా బ్యాచ్‌కు కొండ ప్రాంతానికి విహారయాత్రలా ముగిసింది. ఒక పూట సర్వే, మిగిలిన పూటలు ఫోటోలు, తిరిగివచ్చాక పాత బ్యాచ్ రిపోర్టులో అంకెలు మార్చి సమర్పించినవారికీ మార్కులు బాగానే వచ్చాయి. ప్రయాణ ఖర్చులో ఎక్కువ భాగం విద్యార్థులే పెట్టుకోవలసి వచ్చింది. భాష సంగతీ చెప్పాలి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి మొదటి ఏడాది ఇంగ్లీషు పుస్తకాలతో పాటు, తరగతిలో సగం వివరణ హిందీలో సాగడం వల్ల రెట్టింపు బరువు పడుతుంది. ఆ ఏడాది గట్టెక్కితే తరువాత ఇబ్బంది ఉండదు.

సివిల్స్ కోసమే ఈ కోర్సు తీసుకోవాలనుకునేవారికి నా సలహా, వద్దు. యూపీఎస్సీ ఆప్షనల్‌లో 250 మార్కుల చొప్పున రెండు పేపర్లు. మొదటి పేపరులోని నమూనాలు, సిద్ధాంతాలు ఆనర్స్ సిలబస్‌తో బాగా కలుస్తాయన్నది నిజమే. కానీ ఆ మేరకు చదువుకోవడానికి నాలుగేళ్లు అక్కరలేదు, కోచింగ్ దృష్టితో చదివేవారు క్షేత్ర పరిశోధనను అడ్డంకిగా చూడటం నా కళ్లారా చూశాను. ఉద్యోగాల విషయానికొస్తే, జీఐఎస్ బాగా వచ్చినవారికి హైదరాబాదులోని మ్యాపింగ్ సంస్థల్లో పని దొరుకుతుంది. జీతాలు మొదట్లో సాఫ్ట్‌వేరు మిత్రులతో పోల్చుకునే స్థాయిలో ఉండవు. మన రాష్ట్రాల్లో భూగోళశాస్త్రం చెప్పే కాలేజీలే తక్కువ గనుక అధ్యాపక పోస్టులూ తక్కువే. పై చదువులకు మాత్రం దారులు బాగున్నాయి: జేఎన్‌యూలోని ప్రాంతీయాభివృద్ధి అధ్యయన కేంద్రం, జనాభా అధ్యయనాలకు ముంబైలోని ఐఐపీఎస్, ప్రణాళిక వైపు వెళ్లాలనుకుంటే విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ వంటివి. వీటిలో ఎక్కడికి దరఖాస్తు చేసినా ఇంటర్వ్యూలో మాట్లాడటానికి చేతిలో ఉండేది డిసర్టేషనే.

చేరే ముందు కాలేజీకి వెళ్లి మూడు సంగతులు అడిగి తెలుసుకోండి. గత ఏడాది విద్యార్థుల క్షేత్ర నివేదికలు చూపమనండి. రెండు నివేదికలు తిరగేస్తే అది విహారయాత్రా సర్వేనా తెలిసిపోతుంది. నాలుగో ఏడాది పరిశోధనకు గైడ్‌గా ఉండగల శాశ్వత అధ్యాపకులు ఎంతమంది ఉన్నారో అడగండి, గెస్టు అధ్యాపకులు సెమిస్టరు మధ్యలో మారిపోతే డిసర్టేషన్ అనాథ అవుతుంది. జీఐఎస్ ల్యాబ్‌ను తరగతి వేళ తరువాత కూడా తెరిచి ఉంచుతారా అని ప్రిన్సిపల్‌ను కాక సీనియర్ విద్యార్థులను అడగండి. మూడింటికీ తృప్తికరమైన జవాబు వస్తే నిస్సంకోచంగా చేరవచ్చు. మొదటి రెండింటికి రాకపోతే అదే సబ్జెక్టును మైనర్‌గా తీసుకుని, ఆర్థికశాస్త్రమో సమాజశాస్త్రమో మేజర్‌గా చదవడం మేలు.